నిద్ర పట్టించే విత్తనం

ఆ ఏడు సెప్టెంబరులో, మా దేశంలో జూన్, జూలైల్లో ముదిరే చలి విరిగీ విరగని రోజుల్లో, మా ఆయనకి ఒక మాట చెప్పేశాను. వచ్చే చలికాలం కూడా నాకు ఇలాగే నిద్ర లేకుండా పోతే సాల్తో అనే ఊళ్లో మా అక్క మిర్తా దగ్గరికి వెళ్లిపోతానని. కోపంతో అన్న మాట కాదు. కోప్పడటానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

మా ఆయన విల్మార్ ఇరవై ఆరేళ్లు మాంసం ఫ్యాక్టరీలో పని చేశాడు. ఎముక నుంచి మాంసం విడదీసే పని. మంచుగడ్డలాంటి హాల్లో, చేతిలో కత్తి పట్టుకుని, ఆగకుండా వచ్చిపడే దూడల తొడల ముందు నిలబడటం. పెన్షను కాయితాలు చేతిలో పెట్టి ఇంటికి పంపేనాటికి కుడి భుజం పైకి లేవడం మానేసింది, వేళ్లు సగం మొద్దుబారిపోయాయి. పగలు ఏదోలా గడిచిపోయేది. నడుం వాల్చగానే భుజంలోంచి మంట మొదలయ్యేది. దొర్లుతాడు, లేస్తాడు, కూర్చుంటాడు, మాతే ఆకు కషాయం తాగడానికి నీళ్లు కాస్తాడు, రేడియో పెడతాడు. నేను కాస్త కదిలితే చాలు, "నిద్ర చెడగొట్టానా?" అని అడుగుతాడు. ఆ అడగడంతోనే మిగిలిన నిద్ర కాస్తా ఎగిరిపోయేది. నేను బళ్లో వంటమనిషిని. పిల్లలు వచ్చేసరికి పాలు కాగి ఉండాలి, రొట్టెలు కోసి ఉండాలి. చారులో ఉప్పు రెండుసార్లు వేసిన రోజులున్నాయి, అసలు వేయని రోజులూ ఉన్నాయి. పిల్లలు పాపం ఏమీ అనరు, పళ్లెం పక్కకి జరిపేస్తారు.

ఆ చలికాలం మొదట్లో మాత్రం కొన్ని నెలలపాటు మా ఇల్లు స్వర్గంలా ఉంది. గోడ అవతల అతిలియో అని ఒకాయన ఉన్నాడు, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. తన పెరట్లో పెంచిన ఒక గంజాయి మొక్క పూలతో నూనె తీసి, ఒక సీసా మా ఆయన చేతిలో పెట్టాడు. పడుకోబోయే ముందు నాలుక కింద నాలుగు చుక్కలు. అంతే, విల్మార్ మొద్దులా పడి నిద్రపోయేవాడు. పక్కన నేను ఇంకో మొద్దు. ఆగస్టులో సీసా అడుగంటింది, మా బతుకు మళ్లీ మొదటికొచ్చింది. నేను ఆ సాల్తో మాట అన్నది ఆ తర్వాతే.

"అయితే మన మొక్కలు మనమే పెంచుకుందాం," అన్నాడు విల్మార్.

మా దేశంలో ఇంటికి ఆరు ఆడ గంజాయిమొక్కలు ఎవరైనా పెంచుకోవచ్చు. పోస్టాఫీసుకెళ్లి పేరు రాయించుకుంటే చాలు. ఫ్యాక్టరీలో తనకింద పనిచేసిన కుర్రాడెవడో ఇప్పుడు అక్కడ కౌంటర్లో కూర్చుంటున్నాడని విల్మార్ సిగ్గుపడ్డాడు. దాంతో నేనే వెళ్లి నా పేరు రాయించాను. అందరికీ ఆరే మొక్కలు, ఇంట్లో ఎంతమంది ఉన్నా సరే. అందుకని ఏ విత్తనం వేయాలన్నది మా పేటలో పెళ్లి సంబంధం చూసినంత పని.

ఒక ఆదివారం వాన పడుతోంది. వాన పడితే మా ఊళ్లో ప్రతి ఇంట్లో కొవ్వులో పిండి రొట్టెలు వేగుతాయి. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. మా అమ్మాయి యానినా, సూపర్‌మార్కెట్లో క్యాషియరు, మూడు రంగురంగుల పాకెట్లు తెచ్చి బల్లమీద పేకముక్కల్లా పరిచింది.

"చూడు నాన్నా. ఇవన్నీ ఆడవే వస్తాయి, మగదన్న మాటే లేదు. ఇదైతే జనవరికల్లా కోతకొచ్చేస్తుంది. నొప్పికీ నిద్రకీ అని దీని మీద రాసి కూడా ఉంది."

"రాసుంటే ఏం? నిద్ర పట్టాల్సింది పాకెట్టుకా, నాకా?" అన్నాడు విల్మార్.

"పాకెట్టుని తిట్టకు. దాన్ని చదువుకున్నవాళ్లు తయారుచేశారు."

"చదువుకున్నవాళ్లే నా భుజానికి ఆపరేషను చేశారు."

ఇంతలో అతిలియో తడిసిన టోపీతోనే లోపలికొచ్చాడు. మడతపెట్టిన కాయితం ఒకటి బల్లమీద విప్పాడు. ఒక చెంచాడు గింజలు. బూడిదరంగువి, గోధుమరంగు చారలవి, కొన్ని మరీ చిన్నవి.

"ఇదిగో విల్మార్. మొన్న చలికాలం నువ్వు తాగావే, ఆ సీసాకి ఇవి కన్నబిడ్డలు. ఆ చెట్టుకి చివర్లో ఎక్కణ్ణుంచో పుప్పొడి తగిలి ఈ కాసిని గింజలు పడ్డాయి. చెట్టు పోయింది. ఆ జాతిది నా దగ్గర ఇంకోటి లేదు. ఉన్నవన్నీ ఇవే."

"తండ్రెవరు బాబాయ్?" అంది యానినా.

"ఎవడికి తెలుసు? గాలికి వచ్చాడు, గాలికి పోయాడు."

"మరి తండ్రెవరో తెలీని పిల్లలు తల్లి పోలికే వస్తారని గ్యారంటీ ఏంటి?"

"మన వీధిలో సగంమంది అంతేనే తల్లీ, అందరూ బానే బతుకుతున్నారు."

నాకు నవ్వొచ్చి చేతిమీద వేడి కొవ్వు చిందింది. అతిలియో జేబులోంచి భూతద్దం తీసి ఒక్కో గింజనీ వెలుతురు వైపు తిప్పి చూడటం మొదలుపెట్టాడు. గింజ అడుగున గుంట ఉంటుందట. అది గుండ్రంగా, లోతుగా ఉంటే ఆడది, చదునుగా ఉంటే మగది.

"పోయినేడు కూడా ఇలాగే ఏరారు కదా బాబాయ్? ఎన్ని ఆడవొచ్చాయి?"

"పోయినేడు నా కళ్లజోడు పాతది."

విల్మార్ మాత్రం నవ్వలేదు. అతిలియో వేరుచేసిన గింజల్లోంచి ఒకటి తీసుకుందామని చూస్తున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అది నిలవడం లేదు. పట్టుకున్నానని అతను అనుకునేసరికి అది బల్లమీదే ఉండేది. రెండుసార్లు చూసి, వంటింటి కత్తి అందుకుని, దాని మొనతో గింజని తన అరచేతిలోకి నెట్టుకున్నాడు. కత్తి పట్టుకుంటే ఆ చెయ్యి ఇప్పటికీ వణకదు.

"ఆరూ ఇవే వేద్దాం. నాకు పనిచేసింది ఇదే," అన్నాడు.

"ఆరూ నావే వేయాలి. ఒక్కటి మగదొచ్చినా చోటు దండగ," అంది యానినా.

"నిబియా, నువ్వు చెప్పు," అన్నాడు విల్మార్ నాతో.

"నిద్ర పట్టించేది ఏదైనా సరే నాకు. ముళ్లమొక్క వేసినా ఫర్వాలేదు," అన్నాను. ఇద్దరూ నా మొహంకేసే చూస్తున్నారు. "రాయించింది నా పేరు. మూడు నీవి, మూడు దానివి. ఇంక ఎవరూ మాట్లాడొద్దు, రొట్టెలు చల్లారిపోతున్నాయి."

విల్మార్ చెంచాడు గింజలూ వేసేశాడు. ఎలాగూ సగం మగవి వస్తాయి, పీకేయగా మూడు ఆడవి మిగలాలంటే అన్నీ వేయక తప్పదన్నాడు. అదీ నిజమే. పెరుగు డబ్బాల్లో మట్టి నింపి, వరసగా కిటికీ మీద పెట్టాడు. కొన్ని మొలవలేదు, కొన్నిటిని చీమలు ఒక్క పూటలో కత్తిరించుకుపోయాయి. చివరికి నాలుగు నిలబడ్డాయి. యానినావి మూడూ మూడు మొలిచి బడిపిల్లల్లా వరసగా నిలబడ్డాయి. ఆ పిల్ల రోజూ ఉద్యోగానికి వెళ్తూ "గుడ్ మార్నింగ్ అమ్మాయిలూ" అని వాటికి చెప్పి, తండ్రి నాలుగిటికేసి "మీరు ఎవరో తేలాక చెప్తా" అనేది.

మా వీధిలో నాలుగిళ్లలో మొక్కలున్నాయి. పెరళ్ల మధ్య ఛాతీ ఎత్తు గోడలు, గాలికి గోడలేం లెక్క? అందుకని మాకొక కట్టుబాటు ఉంది. మగమొక్క అని తెలిసిన పొద్దే పీకేయాలి, పీకి వీధిగేటుకి తలకిందులుగా వేలాడదీయాలి. దారిన పోయేవాళ్లందరూ చూసి మనసు నిమ్మళం చేసుకుంటారు. ఒక్క మగది పూసిందంటే వీధిలో ఆడమొక్కలన్నిటికీ గింజలు పడతాయి. గింజలు పడితే చెట్టు సత్తువంతా వాటికే పోయి, పువ్వులో మందు గుణం సగానికి సగం పడిపోతుంది.

జనవరిలో ఒక సాయంత్రం అతిలియో మా పెరట్లోకొచ్చి, విల్మార్ నాలుగు మొక్కల కణుపుల దగ్గర భూతద్దం పెట్టి చూశాడు. మూడు మగవి, ఒకటి ఆడది.

"గుంట గుండ్రంగానే ఉంది కదయ్యా!" అన్నాడు విల్మార్.

"మట్టి తేడా అయ్యుంటుంది," అన్నాడు అతిలియో మొహం తిప్పుకుని.

ఎదురింటి ఎల్బియా మా పక్కసందు గేటు మీద మోచేతులు ఆనించి ఇదంతా చూస్తోంది. భర్త పోయిన మనిషి, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఏటా తన మొక్కల పువ్వులని పందికొవ్వులో కాచి లేపనం చేసుకుని, చలికాలమంతా అది రాసుకునే నడుస్తుంది. "ఏంటి విల్మార్, అన్ని ఎద్దుల్ని కోసినవాడివి, మూడు మొక్కల్ని పీకడానికి ఆలోచిస్తున్నావా?" అంది.

అతను రెండు పీకాడు. మూడోది అన్నిటికన్నా ఎత్తుగా పెరిగింది, కాండం నా మణికట్టంత ఉంది. దాని దగ్గర కాసేపు నిలబడి, భుజం లాగుతోంది, రేపు పీకుతానన్నాడు. మర్నాడు నేను బజారునుంచి వచ్చేసరికి గేటుకి రెండు మొక్కలు వేలాడుతున్నాయి, మూడోదాని కుండీ ఖాళీగా ఉంది. దాన్ని పురుగు తినేసిందనీ, వేలాడదీసేపాటి ఆకు కూడా మిగల్లేదని చెత్తలో పారేశాననీ చెప్పాడు. అతిలియోకీ అదే చెప్పాడు. నేను సరే అన్నాను. ఆ రోజుల్లో అందరికీ సరే అనేదాన్ని.

యానినా పాకెట్టు విత్తనాల్లో తొందరగా పూసే మొక్క ఉంది చూడండి, అది అప్పటికే కోతకొచ్చింది. ఆ పిల్ల దాన్ని నీడలో ఆరబెట్టి, నూనె తీసి, చిన్న సీసాలో పోసి తండ్రి ముందు పెట్టింది.

"నాది వచ్చేదాకా ఆగుతాను," అన్నాడు విల్మార్.

"ఆగు. నువ్వు ఆగు, అమ్మ కూడా ఆగుతుంది. ఏప్రిల్లో ఇద్దరూ కలిసి పోదురుగాని ఆస్పత్రికి," అంది కూతురు.

ఆ మాటకి తాగాడు. తాగి పడుకున్నాడు. పొద్దున్న నేను లేచేసరికి ఇంకా పక్కమీదే ఉన్నాడు, నోరు తెరుచుకుని. పోయాడేమోనని భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. లేచాక ఎలా ఉందని అడిగితే, "ఫర్లేదు. అతిలియోది అంత కాదు," అన్నాడు. అంత కాకపోతే మానె. నాకు అదే అమృతం.

ఫిబ్రవరంతా మేం మనుషుల్లా బతికాం. కార్నివాల్ పండగ రోజుల్లో వీధి చివర డప్పులు వినడానికి కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. నేను పెదాలకి రంగు వేసుకున్నాను. "ముసలీ, ఎవరికోసం ఇదంతా?" అని అతను ఏడిపిస్తే, "డప్పులవాళ్లకోసం," అన్నాను. వేసవి సెలవులయ్యి బళ్లు తెరవగానే నా చారు బావుందని హెడ్మిస్ట్రెస్ రెండోసారి అడిగి పోయించుకుంది. సాల్తో సంగతి నేను ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

ఆ నెల్లోనే ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే అతని నల్లచొక్కా భుజాలమీద లేత పసుపురంగు పొడి కనిపించింది. దులిపితే పిండిలా ఎగిరింది. ఇదేంటని అడిగాను. పాత రైలుపట్టాల వైపు వెళ్లాను, అక్కడెవరో మొక్కజొన్న వేశారు అన్నాడు. మా పెరటిగోడ వెనక అంతా ఖాళీ స్థలం, తుప్పుపట్టిన పట్టాలు, మనిషెత్తు గడ్డి. అక్కడ మొక్కజొన్న ఎవరు వేస్తారు? ఆ ప్రశ్న నాకు తట్టింది, తట్టినా అడగలేదు. హాయిగా నిద్రపోతున్న మనిషిని. చొక్కా నీళ్లలో ముంచేశాను.

మార్చిలో, ఇంకో రెండు మూడు వారాల్లో కోతలనగా, ఒక మధ్యాహ్నం ఎల్బియా మా వంటింట్లోకొచ్చింది. చేతికర్ర గోడకి ఆనించి, గుప్పిట తెరిచి బల్లమీద ఒక పూగుత్తి పెట్టింది. వేలితో నలిపింది. లోపల్నుంచి లేత గింజలు బల్లంతా రాలాయి.

"నా మొక్కలన్నీ ఇంతే. అతిలియోవీ ఇంతే. మూలింటివాళ్లవీ ఇంతే. మీవి చూసుకున్నారా?"

యానినా పెరట్లోకి పరిగెత్తింది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. పిల్ల మొహం చూడగానే నాకు అర్థమైంది.

సాయంత్రం అందరూ అతిలియో పెరట్లో చేరారు. మాతే పోసిన సొరబుర్ర చేతులు మారుతోంది గానీ దాని మీద ఎవరికీ ధ్యాస లేదు. ఎవడి పాపం ఇది అని మూలింటాయన అరుస్తున్నాడు. కొత్తగా వచ్చిన అద్దెవాళ్లదని ఒకరు, నది అవతల్నుంచి గాలికి వచ్చిందని ఒకరు. "విల్మార్ ఇంట్లో మాత్రం కాదు. రెండు నా కళ్లముందే పీకాడు. గేటుకి వేలాడదీశాడు కూడా. మూడోదాన్ని పురుగు తినేసింది," అన్నాడు అతిలియో. నేను మా ఆయన పక్కనే కూర్చున్నాను. నల్లచొక్కా నా కళ్లముందు ఆడుతోంది.

"నాదే," అన్నాడు విల్మార్.

మూలింటాయన అతనికేసి తిరిగాడు.

"మూడోది పీకలేదు. గోడవెనక పట్టాల దగ్గర పాతాను. విత్తనం కావాలనిపించింది. అంత దూరంనుంచి రాదనుకున్నాను."

"రాదనుకున్నావా?" ఎల్బియా కర్ర నేలకేసి కొట్టింది. "అయితే ఇప్పుడు విత్తనాలు తిని బతుకు! నా మోకాళ్లకి కూడా అవే రాసుకుంటాను, ఏం? చలికాలమంతా నన్ను నువ్వు ఎత్తుకుని తిప్పుతావా బజారుకి?"

"నా మొహాన అబద్ధం చెప్పావు కదరా," అన్నాడు అతిలియో. మెల్లగానే అన్నాడు. విల్మార్ తల వంచుకున్నాడు. నాకు ఆ క్షణాన ఎవరిమీదా కోపం రాలేదు, పడుకోవాలనిపించింది, అక్కడే, ఆ మట్టిలోనే.

ఇంటికొచ్చాక మాత్రం ఆగలేకపోయాను.

"మనకి పట్టింది కదా నిద్ర! పిల్ల చేసిన నూనెతో పట్టింది కదా! ఇంకా ఏం కావాలని ఉంచావు ఆ మగదాన్ని?"

"ఆ సీసా ఎన్నాళ్లొస్తుంది? ఈ ఏడు గడుస్తుంది. వచ్చే ఏడు?" అన్నాడు. "అతిలియో దగ్గర ఇంక గింజల్లేవు. ఆ చెట్టు పిల్లలు నా దగ్గరే ఉన్నాయి, ఒక ఆడదీ ఒక మగదీ. విత్తనం నిలిస్తే ఇంక ఏ చలికాలానికీ లోటుండదు అనుకున్నాను. నువ్వు సాల్తో వెళ్తానన్నావు కదా."

"అది ఎప్పుడో సెప్టెంబర్లో అన్నాను."

"నేను రోజూ విన్నాను."

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే ఏడ్చాను. నన్ను వెళ్లకుండా ఆపడానికి ఈ మనిషి చేసిన పని చూడండి. ఒక మాట అడిగి ఉంటే సరిపోయేది, ఉండవే అని. అతనికి అది చేతకాలేదు, నలుగురి పంట నాశనం చేయడం చేతనైంది. ఇదంతా మొహంమీదే అన్నాను. వింటూ కూర్చున్నాడు.

మా కట్టుబాటులో ఇంకో సగం ఉంది. మగమొక్క వదిలినవాడు తన దగ్గర శుభ్రమైన సరుకు ఏమున్నా నష్టపోయినవాళ్లలో ఎక్కువ అవసరమున్నవాళ్లకి ఇచ్చేయాలి. దాన్ని ఎవరూ వచ్చి అడగరు. అడిగించుకుంటే అంతకన్నా సిగ్గుచేటు లేదు. పెరట్లో ఉన్న మొక్కలన్నీ గింజలు పట్టినవే. పుప్పొడి రేగకముందే కోసింది ఒక్కటే, యానినా తీసిన ఆ నూనె. సీసాలో సగంపైన ఉంది. జూన్, జూలై దాకా లాగొచ్చని నేను మనసులో లెక్క వేసుకున్నదే.

మర్నాడు విల్మార్ స్నానం చేసి, మంచి చొక్కా వేసుకుని, సీసా జేబులో పెట్టుకున్నాడు.

"కొంచెం వంపుకుని ఇవ్వు. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. అన్నందుకు సిగ్గుపడలేదు, ఇప్పటికీ పడను.

"నాకు తెలుస్తుంది," అన్నాడు.

"నాన్నా, అది నేను చేసింది. అమ్మకోసం చేశాను," అంది యానినా.

"తెలుసమ్మా." దాని తలమీద చెయ్యి వేశాడు, ఎడమ చెయ్యి. "నువ్వు వద్దంటే ఇవ్వను."

ఆ పిల్ల నాకేసి చూసింది. నేను గిన్నెలు తోముతున్నట్టు అటు తిరిగాను. కాసేపటికి, "తీసుకెళ్లు," అని వినబడింది.

కిటికీలోంచి చూశాను. వీధి దాటి ఎల్బియా గేటు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక సీసా తీసుకుంది, మూత తీసి వాసన చూసింది, మళ్లీ మూత పెట్టింది. ఏదో అంది. అతను తలూపాడు. ఆ మనిషిని చూస్తే నాకు గర్వంగా ఉంది. అదే సమయంలో పీక పిసికేయాలని కూడా ఉంది.

గింజలు పట్టిన పూలతో తీసిన నూనె నీళ్లలా పనిచేసింది. కాసేపు కునుకు పట్టేది, మళ్లీ మామూలే. ఏప్రిల్ వచ్చింది, నది మీదనుంచి తడిచలి మొదలైంది, అతని భుజానికి అది ముందే తెలిసిపోతుంది. మళ్లీ నీళ్లు కాచుకోవడం, మళ్లీ రేడియో, మళ్లీ "నిద్ర చెడగొట్టానా?" అనడం. ఒకరోజు బళ్లో ఉల్లిపాయలు తరుగుతూ నిలబడే కునికాను, కత్తి జారి వేలు తెగింది. ఇంటికొచ్చి మిర్తాకి ఫోను చేశాను. గది ఖాళీగానే ఉంది, ఎప్పుడొచ్చినా సరే అంది. విల్మార్ పక్కగదిలో ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. నేను గొంతు తగ్గించలేదు.

ఆ శనివారం బజారునుంచి వచ్చేసరికి మా గదిలో మంచం మీద ఒక పరుపు లేదు. రెండు పరుపులు జోడించి పడుకునేవాళ్లం, ఇప్పుడు సగం మంచం చెక్కలు కనబడుతున్నాయి. పెరట్లోకి వెళ్లాను. వెనక, మాంసం కాల్చుకునే పొయ్యి పక్కన, పారలూ కుండీలూ పడేసుకునే గది ఉంది. దాన్ని ఊడ్చి, పరుపు వేసి, రేడియో పెట్టుకున్నాడు. చిన్న గ్యాసు పొయ్యి, కెటిలు, మాతే సామగ్రి. కిటికీ సందుల్లో అట్టముక్కలు కూరుతున్నాడు, ఎడమ చేత్తో.

"ఏంటిది?"

"నువ్వు సాల్తో వెళ్లక్కర్లేదు. నేనే వెళ్తున్నాను."

"ఇక్కడికా?"

"టిక్కెట్టు ఖర్చు లేదు కదా," అన్నాడు.

"చలికి చస్తావు."

"ఇరవై ఆరేళ్లు ఇంతకన్నా చల్లటి గదిలో బతికాను." అట్టముక్క నొక్కి చూసుకున్నాడు. "ఇక్కడైతే నేనెన్నిసార్లు లేచినా నీకు వినబడదు. రేడియో గట్టిగా పెట్టుకోవచ్చు కూడా. పగలంతా నీ ఇంట్లోనే ఉంటాను. భోజనం పెడతావు కదా?"

ఎంత వాదించానో చెప్పలేను. గట్టిగా వాదించలేదన్నదే నిజం. రెండు మాటలన్నాను, మూడో మాటకి ఓపిక లేకపోయింది. ఇంట్లోంచి ఇంకో దుప్పటి తెచ్చి ఇచ్చాను. యానినా వచ్చి చూసి, ఏడ్చి, తన ఉన్ని టోపీ తండ్రికి పెట్టింది.

నేను వెళ్లి మిగిలిన సగం మంచం మీద పడుకున్నాను. ఎక్కడా చప్పుడు లేదు. పక్కన వెచ్చదనం లేకపోతే నిద్ర పట్టదనీ, లేచి వెళ్లి ఆ మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొస్తాననీ అనుకున్నాను. కళ్లు తెరిచేసరికి బాగా తెల్లారిపోయింది. కిటికీలోంచి ఎండ కాళ్లమీద పడుతోంది. ఎన్నాళ్లయిందో అలా నిద్రపోయి. ఒళ్లంతా తేలిగ్గా ఉంది, పడుచుపిల్లకి ఉన్నట్టు. నా ఒంటిమీద నాకే అసహ్యం వేసింది.

మాతే చేసుకుని వెనకగదికి వెళ్లాను. పరుపుమీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు, ఉన్ని టోపీతో, భుజం చుట్టూ తువ్వాలు చుట్టుకుని. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూడగానే సర్దుకుని కూర్చున్నాడు.

"నిద్ర పట్టిందా?" అని అడిగాడు.

అబద్ధం చెబుదామనుకున్నాను. నా మొహం అప్పటికే చెప్పేసి ఉంటుంది.

"పట్టింది."

"బాగానా?"

"బాగా."

తలూపాడు. మాతే బుర్ర రెండు చేతుల్తో అందుకుని, ఒక గుక్క పీల్చి, "సరే అయితే. మీ అక్కకి ఫోను చేసి రావడం లేదని చెప్పు," అన్నాడు. సంతోషంగానే అన్నాడు. గెలిచినవాడిలా నవ్వాడు కూడా.

ఫోను చేసి చెప్పాను. ఆ రోజంతా ఇద్దరం పెరట్లోనే ఉన్నాం, వంట చేశాను, కబుర్లు చెప్పుకున్నాం, అతిలియో కూడా వచ్చి గోడవతల్నుంచి పలకరించి పోయాడు. పొద్దుగుంకాక విల్మార్ టోపీ పెట్టుకుని వెనకగదికి బయల్దేరాడు. నేను మంచం మీద పడుకుని, ఈ పూటైనా నాకు నిద్ర పట్టకపోతే బావుండు దేవుడా అనుకుంటూ కళ్లు మూసుకున్నాను. పట్టేసింది.